‘తెగులు’ అని అడిగితే ‘తెలుగు’ అంటే ఎలా?

రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజు రాసే లేఖరికి ఒక కట్టుబాటు ఉన్నది. రైతు చెప్పిన సర్వే నంబరు రాస్తాడు, విస్తీర్ణం రాస్తాడు, నాలుగు దిక్కుల సరిహద్దులు రాస్తాడు. చివరకు మొత్తం చదివి వినిపిస్తాడు. రైతు విని ఔనన్న తరువాతే సంతకమో, వేలిముద్రో పడుతుంది. రైతు పొరపాటున తూర్పును పడమర అన్నాడేమోనని లేఖరికి అనుమానం వస్తే నోరు విప్పి అడుగుతాడు. అంతేగాని తనకు తోచిన దిక్కు రాసి ఊరుకోడు.

నేడు పంటమందు మొదలు పరీక్షా ఫలితాల వరకు ఏది తెలుసుకోవాలన్నా ‘గూగుల్‌లో కొట్టు’ అనడం పల్లెల్లో కూడా పరిపాటి అయినది. 2016 సెప్టెంబరులో జియో రంగంలోకి దిగిన తరువాత డేటా చౌకబడింది. రైతుకూలీ చేతిలో కూడా ఇంటర్నెట్ ఫోను కనబడుతున్నది. పూర్వం కరణం గారినో, బడి పంతులు గారినో అడిగే సందేహాలను జనం ఇప్పుడు ఫోనుకు అప్పగిస్తున్నారు. మంచిదే. కాని ఈ కొత్త లేఖరి పాత కట్టుబాటును తరచు పాటించడం లేదన్నదే ఇక్కడి ఫిర్యాదు.

సమాచారం వెతికిపెట్టే ఈ సాధనాలను సెర్చ్ ఇంజన్లు అంటారు. అడిగినవారు కొట్టిన మాటను ఉన్నదున్నట్టు వెతకవలసిన ఈ యంత్రాలు, ‘వీరు కొట్టింది తప్పు, వీరి మనసులో ఉన్నది ఇది కాబోలు’ అని తమలో తామే తీర్మానించుకుంటున్నాయి. మార్చిన మాటకు జవాబులు వెతికి ముందు పెడుతున్నాయి. అసలు మాటను చిన్న అక్షరాల్లో ఒక మూలన చూపి చేతులు దులుపుకుంటున్నాయి. ఆ చిన్న అక్షరాలు చూడనివారు, చూసినా అర్థం కానివారు, తాము అడిగినదానికే జవాబు వచ్చిందని నమ్ముతున్నారు.

రెండు అక్షరాల తేడా

చాలామంది తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నారు. చిక్కు అక్కడే మొదలవుతున్నది. ‘తెగులు’ అన్న మాటకు టి, ఇ, జి, యు, ఎల్, యు అనే ఆరు అక్షరాలు కావాలి. అందులో జి, ఎల్ అక్షరాలు చోటు మార్చుకుంటే అది ‘తెలుగు’ అవుతుంది. ‘వరి’కి వాడే నాలుగు అక్షరాలే ‘వారి’ అన్న మాటకూ సరిపోతాయి. కనుక ‘వరి తెగులు’ అని కొట్టినవారి ప్రశ్న యంత్రం దృష్టిలో ‘వారి తెలుగు’ కాగల ప్రమాదం ఉన్నది. చేనులో పైరు ఎండుతుండగా భాషాభిమానం ఎవరికి కావాలి?

‘కళ్లు’, ‘కల్లు’ అన్న రెండు మాటలనూ ఇంగ్లీషు అక్షరాల్లో జనం ఒకే విధంగా కొడతారు. కళ్లమంటకు మందు అడిగినవారికి తాటికల్లు సంగతులు వచ్చినా ఆశ్చర్యపోనక్కరలేదు. ఒకరి ఫోనులో సరిగా వచ్చినది మరొకరి ఫోనులో తారుమారు కావచ్చు. నిన్న సరిగా చూపినది నేడు మరొకటి చూపవచ్చు. అందుకే ఈ బాధను ఇతరులకు చూపించి నమ్మించడం కూడా కష్టంగా ఉన్నది.

యంత్రం వేసే లెక్క

ఇది యంత్రం పగబట్టి చేస్తున్న పని కాదు. దాని వెనుక ఒక లెక్క ఉన్నది. 1964లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఫ్రెడరిక్ డామెరో అనే నిపుణుడు అక్షరదోషాలను పరిశీలించి, నూటికి 80కి పైగా దోషాలు నాలుగే రకాలని తేల్చారు. ఒక అక్షరం ఎక్కువ పడటం, ఒకటి తక్కువ పడటం, ఒకదానికి బదులు మరొకటి పడటం, పక్కపక్కనున్న రెండు తారుమారు కావడం. మరుసటి ఏడాది, 1965లో, సోవియట్ గణితవేత్త వ్లదీమిర్ లెవెన్‌ష్టైన్ ఒక మాట నుంచి మరొక మాటకు ఎన్ని మార్పుల దూరం ఉన్నదో కొలిచే పద్ధతిని ప్రచురించారు. నేటి దిద్దుబాటు యంత్రాలకు పునాది ఇటువంటి పనే.

దూరం కొలిచిన తరువాత యంత్రం రెండో లెక్క వేస్తుంది. ఈ మాటను ఎంతమంది కొడుతున్నారు, దానికి దగ్గరగా ఉన్న ఆ మాటను ఎంతమంది కొడుతున్నారు అని చూస్తుంది. వందమంది ఒక మాటను, లక్షమంది దానికి దగ్గరి మాటను కొడితే, ఆ వందమందీ లక్షమందిలో చేరబోయి వేలు జారినవారని అనుకుంటుంది. ఇప్పుడు వాడుతున్న పద్ధతులు ఇంతకంటే సూక్ష్మమైనవి. చుట్టూ ఉన్న మాటలను, అడిగినవారు ఉన్న ప్రాంతాన్ని కూడా అవి లెక్కలోకి తీసుకుంటాయి. అయినా మొగ్గు మాత్రం అటే. సంతలో జనం ఎక్కువగా ఉన్న కొట్టే మంచి కొట్టు అన్న తీరు.

ఈ లెక్కలో లోపం ఒక్కటే. అరుదైన మాటకూ తప్పు మాటకూ అది సరిగా తేడా చూడలేదు. పట్నాల్లో వాడే మాట లక్షసార్లు పడుతుంది. పల్లె మాట పదిసార్లు పడుతుంది. పదిసార్లు పడినంత మాత్రాన అది తప్పు కాదు గదా!

సిక్కోలు మాటలకు చిక్కు

ఈ లోపం వల్ల ఎక్కువ నష్టపడేది శ్రీకాకుళం వంటి జిల్లాలే. జిల్లాను జనం ముద్దుగా పిలుచుకునే పేరు సిక్కోలు. అందులో ఒక్క అక్షరం మారితే సిక్కులు అవుతుంది. సిక్కోలు చరిత్ర చదవాలనుకున్న విద్యార్థి పంజాబు చరిత్ర దగ్గర తేలవచ్చు. కవిటి అన్న పేరులో చివరి అక్షరం మారితే కవిత. కవిటి కొబ్బరి ధర అడిగినవారికి కవితలు వినిపిస్తే ఏమి లాభం? బూర్జ మండలం పేరులో చివరి అక్షరం పోతే దుబాయి నగరంలో 2010లో తెరచిన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా మేడ కనబడుతుంది. టెక్కలికి దగ్గరి మాట తక్కాలి. అది తమిళంలో టమాటా. టెక్కలి మార్కెట్ ధర అడిగితే టమాటా మార్కెట్ ధర వచ్చినా యంత్రం లెక్క ప్రకారం అది తప్పు కాదు. గోగునార గురించి అడగబోయి ‘గోగు’ అని కొడితే, గూగుల్ తన పేరే అడిగారనుకున్నా అనుకోవచ్చు!

ఊళ్ల పేర్ల వరకు ఇది నవ్వులాట. పంటల దగ్గరకు వచ్చేసరికి అలా కాదు. రాయలసీమలో రాగులు అనేదాన్ని తెలంగాణలో తైదలు అంటారు, ఈ ప్రాంతంలో చోళ్లు అంటారు. ‘చోళ్లు’ అన్న మాటకు అతి దగ్గరలో ఉన్నది ‘చోళులు’. తంజావూరు ఏలిన రాజుల గురించి పుస్తకాలకు పుస్తకాలు ఉన్నాయి. చోడిచేను గురించి ఆ పేరుతో రాసినది తక్కువ. ఇక సజ్జలను ఇక్కడ గంటెలు అంటారు. ఇతర జిల్లాల్లో గంటె అంటే వంటింటి గరిటె. గంటెల ధర అడిగిన రైతుకు స్టీలు గరిటెల బొమ్మలు వస్తే, తప్పు రైతుది కాదు, గంటెలది అంతకంటే కాదు.

విత్తనాల సంగతి మరీ సున్నితం. రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఆర్.జి.ఎల్. 2537 వరి రకానికి శ్రీకాకుళం సన్నాలు అని పేరు. బాపట్లలో పుట్టిన సాంబ మసూరికి బి.పి.టి. 5204. మారుటేరు స్వర్ణకు ఎం.టి.యు. 7029. ఇందులో ఒక్క అంకె మారినా అది వేరే విత్తనం, లేదా అసలు లేని విత్తనం. అంకెను కూడా ‘దగ్గరదగ్గరగా ఉంటే చాలు’ అన్న ధోరణిలో చూస్తే, పంటకాలమూ, చేలో నీరు నిలిచే తీరూ, తెగుళ్లను తట్టుకునే శక్తీ అన్నీ మారిపోతాయి.

ప్రాణం మీదకు వచ్చే చోట

ఉద్దానం ఊళ్లలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో జిల్లాలో తెలియనివారు లేరు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యే వరకు పరిస్థితి వెళ్లింది. ఆ ఊళ్లలో చదువురాని ముసలమ్మ కూడా ‘క్రియాటినిన్’ అన్న మాట పలకగలదు. అది రక్తపరీక్షలో చూసే అంశం. మూత్రపిండాలు ఎంతవరకు పని చేస్తున్నాయో దాన్ని బట్టి డాక్టర్లు అంచనా వేస్తారు.

ఈ మాటకు రెండే అక్షరాల దూరంలో ‘క్రియాటిన్’ అని మరొక మాట ఉన్నది. అది కండలు పెంచుకునేందుకు కుర్రకారు నీళ్లలో కలుపుకుని తాగే పొడి. ఆ పొడికి ఊరూరా ప్రకటనలు, లెక్కలేనన్ని వీడియోలు. తండ్రి రక్తపరీక్ష కాగితం చేత్తో పట్టుకుని, ‘క్రియాటినిన్ ఎక్కువైతే ఏం చేయాలి’ అని ఫోనులో వెతికే కొడుకు ఒక అక్షరం అటూ ఇటూగా కొట్టాడనుకుందాం. యంత్రం దాన్ని జనం ఎక్కువగా అడిగే వైపు లాగిందనుకుందాం. రోజుకు ఎంత పొడి వేసుకోవాలి, ఎప్పుడు వేసుకోవాలి అన్న సలహాలు వస్తాయి. మూత్రపిండాల రోగి డాక్టరును అడగకుండా ముట్టరాని వస్తువు అది. ఒకదాని కోసం వెళ్లి మరొకదాని గుమ్మంలో నిలబడ్డానని ఆ కుర్రవాడికి ఎవరు చెప్పాలి?

మందుల పేర్ల పోలిక ఎంత ప్రమాదమో వైద్యరంగానికి బాగా తెలుసు. అమెరికాలో కడుపులో పుండ్లకు, ఆమ్లానికి ఇచ్చే లోసెక్ అనే మందును, ఒంటి నీరు తీసే లాసిక్స్ అనే మందుతో పొరబడుతున్నారని 1990లో మొదటిదాని పేరునే ప్రిలోసెక్ అని మార్చారు. షుగరు బిళ్ల మెట్‌ఫార్మిన్, జిగట విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్ కూడా తరచు పొరబడే జంట అని నిపుణులు హెచ్చరిస్తూనే ఉన్నారు. మందుల షాపులో చీటీ అర్థం కాకపోతే డాక్టరుకు ఫోను చేసి అడగాలన్నది నియమం. ఊహించి బిళ్ల ఇవ్వడం నేరం. మనిషికి ఉన్న ఈ నియమం యంత్రానికి ఎందుకు ఉండరాదు?

పైరు విషయంలోనూ అంతే. వరిలో అగ్గితెగులు శిలీంధ్రం వల్ల వస్తుంది. ఎండాకు తెగులు బాక్టీరియా వల్ల వస్తుంది. శిలీంధ్రం మందు రెండోదాని మీద పని చేయదు. ఎండాకు తెగులు కనబడితే ముందుగా నత్రజని ఎరువు వేయడం ఆపమంటారు. ఒకదానికి బదులు మరొకదాని జవాబు అందుకున్న రైతు మందు డబ్బు పోగొట్టుకుంటాడు, మందు కొట్టిన కూలి పోగొట్టుకుంటాడు, చివరకు పైరూ పోగొట్టుకుంటాడు.

మేలు లేదనడం లేదు

న్యాయంగా చూస్తే దిద్దుబాటు వల్ల మేలు కూడా ఉన్నది. తమకు వచ్చే ప్రశ్నల్లో పదింటికి ఒకటి అక్షరదోషంతోనే వస్తున్నదని గూగుల్ సంస్థ 2020లో ప్రకటించింది. ఇంగ్లీషు స్పెల్లింగు రాని కోట్లమందికి ఈ దిద్దుబాటే ఆధారం. పెద్ద పెద్ద రోగాల పేర్లు, సర్కారు పథకాల పేర్లు తప్పుల్లేకుండా రాయడం చదువుకున్నవారికే గగనం. 2017 ఆగస్టు నుంచి తెలుగులో మాట్లాడి వెతికే సౌకర్యం కూడా వచ్చింది. అక్షరం రానివారికి అది వరం.

కనుక యంత్రం ఊహించరాదని ఎవరూ అనడం లేదు. ఊహించి అడగమంటున్నారు. ‘మీరు అడిగినది ఇదా, అదా’ అని ముందుగా అడగడం సాయం. అడగకుండానే మార్చి వడ్డించడం పెత్తనం. ఈ రెంటికీ మధ్య ఉన్న గీత నానాటికీ చెరిగిపోతున్నది.

పూర్వం మాట ముందు కూడిక గుర్తు పెడితే ఆ మాటను మార్చకుండా గూగుల్ వెతికేది. 2011 అక్టోబరులో ఆ సౌకర్యం తీసివేశారు. మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టుకోమన్నారు. వాడకందార్లు మొరపెట్టుకోగా నవంబరులో ‘వెర్బాటిమ్’ అనే ఏర్పాటు చేశారు. అంటే ‘ఉన్నదున్నట్టు’ అని అర్థం. ఇంత ముఖ్యమైన హక్కును ‘టూల్స్’ అనే మాట నొక్కితేగాని దొరకని మూలన పెట్టారు. 2024 నుంచి మన దేశంలో కూడా వెతుకులాట ఫలితాలకు పైన కృత్రిమ మేధ స్వయంగా రాసిన జవాబు కనబడుతున్నది. పూర్వం తప్పుదారి పట్టినా కింద ఉన్న పేర్లు చూసి తెలుసుకునే వీలు ఉండేది. ఇప్పుడు నాలుగు వాక్యాల్లో నున్నగా చెప్పేస్తే, ప్రశ్నే మారిపోయిందన్న అనుమానం కూడా రాదు.

చేయదగినది ఏమిటి?

వాడేవారు కొన్ని జాగ్రత్తలు తీసుకోవడం అవసరం. జవాబు చదివే ముందు, పేజీ పైభాగాన యంత్రం ఏ మాటకు వెతికిందో చూడాలి. మారి ఉంటే కింద చిన్న అక్షరాల్లో ఉన్న సొంత మాటను నొక్కాలి. విత్తనం నంబరు, మందు పేరు, ఊరి పేరు కొటేషన్ గుర్తుల మధ్య పెడితే చాలావరకు మార్పు ఉండదు. ఊరి పేరుతో పాటు ‘శ్రీకాకుళం జిల్లా’ అని, పంట పేరుతో పాటు ‘పంట’ అని చేర్చాలి. వీలైనంత వరకు తెలుగు అక్షరాల్లోనే కొట్టాలి. కొన్నిసార్లు మాటను మార్చేది సెర్చ్ ఇంజను కాదు, ఫోను కీబోర్డు. అప్పలనాయుడు గారిని యాపిల్ నాయుడు గారిని చేసేది అదే. కీబోర్డు సెట్టింగుల్లో ఆ దిద్దుబాటును ఆపివేసే వీలు ఉన్నది. ఇంటిలో చదువుకునే పిల్లలు ఈ ఒక్క పని పెద్దలకు చేసిపెట్టినా గొప్ప ఉపకారం.

అన్నింటికీ మించి, ఒంటికీ పంటకూ వేసే మందు విషయంలో ఫోను మాట చివరి మాట కారాదు. డాక్టరు ఉన్నారు, ఆశా కార్యకర్త ఉన్నారు, రైతు సేవా కేంద్రం ఉన్నది. కిసాన్ కాల్ సెంటరు నంబరు 1800-180-1551కు ఖర్చు లేకుండా ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు. అక్కడ ఉండేది మనిషి. ‘ఏ తెగులన్నావు? ఆకు మీద మచ్చా, అంచు ఎండిందా?’ అని తిరిగి అడుగుతాడు.

వ్యవసాయ శాఖ, నైరలోని వ్యవసాయ కళాశాల, ఏరువాక కేంద్రం వంటి సంస్థలు కూడా ఒక చిన్న పని చేయవచ్చు. ఇంటర్నెట్‌లో పెట్టే సలహాల్లో రాగి పక్కన చోడి అని, సజ్జ పక్కన గంటెలు అని రాస్తే ఖర్చేమీ లేదు. యంత్రం తాను చదివిన కాగితాల నుంచే మాటలు నేర్చుకుంటుంది. ఎవరూ రాయని మాట దానికి తప్పుగానే కనబడుతుంది. 2003 నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియాలో ఎవరైనా రాయవచ్చు. డిగ్రీ విద్యార్థులు తమ ఊరి పంటల పేర్లు, చేపల పేర్లు, చెరువుల పేర్లు అందులోకి ఎక్కించినా ఆ మేరకు సిక్కోలు మాట బతికి బట్టకడుతుంది.

అయితే భారమంతా వాడేవారి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ఈ సంస్థలు ప్రకటనల మీద ఆర్జించే సొమ్ములో పల్లె జనం చూపుల పాలు కూడా ఉన్నది. వారు చేయవలసినవి మూడు. మాటను మార్చే ముందు తెలుగులో, పెద్ద అక్షరాల్లో అడగాలి. ఒకసారి వద్దన్నవారిని మళ్లీ మళ్లీ దిద్దరాదు. మందులు, విత్తనాలు, రక్తపరీక్షల పేర్ల విషయంలో ఊహ పనికిరాదన్న నియమం పెట్టుకోవాలి. కొద్ది తేడాతో రెండు పేర్లు ఉంటే రెండూ చూపి, తేడా చెప్పి, ఎంచుకోమనాలి. కోటానుకోట్ల ప్రశ్నలకు రెప్పపాటులో జవాబులు వెతకగల యంత్రానికి ఇది చేతకాని పని కాదు.

పల్లెవాడికి స్పెల్లింగు రాకపోవచ్చు. తనకు ఏం కావాలో మాత్రం తెలుసు. చోడి అడిగినవాడికి చోడే కావాలి. కవిటి అడిగినవాడు కవిటికే పోవాలి. అడిగిన మాటకు జవాబు తెలియకపోతే తెలియదని చెప్పినా ఎవరూ తప్పుపట్టరు. అడగని మాటకు జవాబు చెప్పి అదే మీరడిగింది అనడం మాత్రం ఇకనైనా మానాలి.